లైటు వేస్తే సున్నా చూపించే మీటరు: బమ్రోలి నుంచి ఉభరాట్ దాకా బాపుతో

మా ఇంట్లో నేను ఏ పని చేసినా, దానికి నేను చెప్పే కారణం తప్ప మిగతా కారణాలన్నీ చెల్లుతాయి. పొద్దున్నే సైకిల్ తొక్కుతానంటే నేను సన్నబడాలని చూస్తున్నాననుకుంది అమ్మ, సంతోషపడింది కూడా. స్కూటీ కొనివ్వలేదని బాపు మీద అలిగి తొక్కుతున్నానని కింది అంతస్తులో ఉండే చిన్నమ్మ తేల్చేసింది. సూరత్‌లోని పర్వత్ పాటియాలో ఒక చీరల వ్యాపారి దగ్గర ఆన్‌లైన్ ఆర్డర్లు చూసే ఉద్యోగం నాది. దేశంలో ఏ ఊరినీ వదలకుండా పార్సిళ్ల మీద చిరునామాలు అంటిస్తూ, నేను మాత్రం పదిన్నర నుంచి ఎనిమిది దాకా ఒకే కుర్చీలో ఉంటాను. సైకిల్ తొక్కేది పోవడానికి. ఎక్కడికి అంటే చెప్పలేను, రోడ్డు ఎక్కడికి పోతే అక్కడికి. ఈ మాట అమ్మకు రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆమె జవాబు ఒకటే: "సరే గని, నడుము కాడ జర తగ్గినవే."

అంతవరకైతే నవ్వుకొని ఊరుకునేదాన్నే. కానీ ఈ చలికాలంలో మా వాళ్లు నా గురించి ఇంకో లెక్క కట్టారు, ఆ లెక్కకు సాక్ష్యం నా సైకిల్ మీటరే ఇచ్చింది. బమ్రోలి నుంచి సచిన్ మీదుగా ఉభరాట్ సముద్రం దాకా మేం చేసిన ప్రయాణం ఆ సాక్ష్యాన్ని పరీక్షించడానికి మొదలైందే. దారి వివరాలు, ఖర్చులు అన్నీ రాస్తాను, మీలో ఎవరైనా పోవాలనుకుంటే పనికొస్తాయి. ముందు మీటరు గొడవ చెప్పాలి.

నా మీటరు తీగ లేని రకం. ముందు చక్రం ఫోర్కుకు చిన్న సెన్సర్, చక్రం చువ్వకు ఒక అయస్కాంతం. చక్రం తిరిగిన ప్రతిసారీ సెన్సర్ నుంచి హ్యాండిల్ మీది డబ్బాకు గాలిలో కబురు పోతుంది. డబ్బా ఆ కబుర్లను లెక్కపెట్టి వేగం, దూరం, తొక్కిన సమయం చూపిస్తుంది. చక్రం ఆగితే సమయం కూడా ఆగుతుంది. ఆ చివరి ముక్కే నా కొంప ముంచింది.

మా బాపు ఇరవై ఆరేళ్లుగా పాండేసరాలో పవర్‌లూమ్ కార్ఖానాలో నేత పని చేస్తున్నాడు. అక్కడ ప్రతి మగ్గానికీ ఒక కౌంటర్ ఉంటుంది. పాలీ, అంటే షిఫ్టు, అయిపోగానే గుమాస్తా మెహతాజీ కాగితం పట్టుకొని వస్తాడు. నేసిన మనిషి మగ్గం పక్కన నిలబడతాడు. కౌంటర్ ఎంత చూపిస్తే మెహతాజీ అంత రాస్తాడు. వాదన లేదు, ప్రశ్న లేదు. ఆ పద్ధతి బాపుతో పాటు మా ఇంటికి కూడా వచ్చింది. అమ్మ ఒళ్లు కాలిపోతున్నా సరే, థర్మామీటరు ఒప్పుకుంటేనే బాపు దృష్టిలో జ్వరం. అందుకే నేను సైకిల్ మొదలుపెట్టిన వేసవి నుంచి ఆయనకు ఒక అలవాటైంది. నేను తిరిగి రాగానే, చాయ్ గ్లాసుతో మెట్ల దగ్గరికి వచ్చి మీటరు చూస్తాడు. ఇరవై నాలుగు కిలోమీటర్లు, గంటా ముప్ఫై అయిదు నిమిషాలు. "సచిన్ పోయి వచ్చినవన్నమాట" అని తలూపుతాడు. అంతసేపూ నేను హ్యాండిల్ పక్కన నిలబడేదాన్ని. అప్పుడది ముద్దుగానే ఉండేది.

డిసెంబరులో తెల్లవారడం ఆలస్యమైంది. ఆరు వందల యాభై పెట్టి మంచి వెలుగున్న ఒక లైటు కొని, మీటరు పక్కనే హ్యాండిల్‌కు బిగించాను. ఆ వారం నుంచే మీటరుకు ఏమైందో ఏమో. సచిన్ దాకా పోయి వచ్చినా ఏడు కిలోమీటర్లే చూపించేది. సమయం ఇరవై ఆరు నిమిషాలు. సెన్సర్ బిళ్ల సెల్లు మార్చాను. చలికి అలా అవుతుందేమో అనుకున్నాను. నేను చదివింది బీకాం, ఇంతకన్నా లోతుగా అనుమానించడం నాకు రాలేదు. మా ఇంట్లో మాత్రం అనుమానించడం బాగానే వచ్చు.

"రెండు గంటలు బయటున్నవ్" అన్నాడు బాపు, మీటరు మీద వేలు పెట్టి. "గిండ్ల ఇరవై ఆరు నిమిషాలే. మిగిలిన గంటన్నర ఏడున్నవ్ బిడ్డా?"

"తొక్కుతూనే ఉన్నా బాపు. మీటర్ ఖరాబైంది."

"ఎండాకాలమంత మంచిగుండె కదా? చీకట్ల పోవుడు మొదలువెట్టంగనే ఖరాబయిందా?"

చీకటి అన్న మాట చిన్నమ్మ చెవిన పడింది. కింద నుంచే అరిచింది: "అక్కా, గా పోరడు ఏడోడో కనుక్కోరాదే!"

ఆ పోరడు లేడు. ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టొచ్చు కదా అని మీరనవచ్చు. ఒకసారి పెట్టాను. ఉన్ అనే ఊరి దగ్గర నాలుగు నిమిషాలు ఎందుకు ఆగావని, నేను నడిరోడ్డు మీద ఉండగానే చిన్నమ్మ ఫోన్ చేసింది. ముందు ట్రక్కు అడ్డం తిరుగుతుంటే ఆగాను. ఆ రోజే బంద్ చేశాను.

పది రోజులు మీటరు అదే పాట పాడింది. పదకొండో రోజు అమ్మ సైకిల్‌ను మెట్ల కింద గొలుసేసి కట్టేసింది, తాళంచెవి బాపు చేతికిచ్చింది. నేను అరిచాను, ఏడ్వలేదు. రెండు పూటలు మాట్లాడలేదు. శనివారం సాయంత్రం బాపే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"రేపు ఐతారం. నాకు సుట్టి, నీకూ సుట్టి. నువ్ ముందల తొక్కు, నేను ఎనుక నుంచి చూస్త. నువ్ ఆగకుండ పోతే తాళంచెవి నీది."

"ఆగితే?"

"ఆగితే నా జేబుల ఉంటది" అని చొక్కా జేబు తట్టుకున్నాడు.

సచిన్ దాకా అయితే ఏం చూస్తావు, ఉభరాట్ దాకా పోదాం అన్నాను. ఎలాగూ ఇదే ఆఖరి సవారీ కావచ్చు, సముద్రమైనా చూసినట్టుంటుంది. బాపు ఎంత దూరమని అడిగాడు. ముప్ఫై ఆరు ఉంటుందన్నాను. ఆయన కాసేపు మోకాళ్లు రుద్దుకొని, "కార్ఖానల పొద్దుగాల నుంచి మాపటి దాక నిలవడేటోన్ని. కూసొని తొక్కుడు ఏమున్నది" అన్నాడు.

ఆదివారం అయిదూ ఇరవైకి బయల్దేరాం. బాపుది పాత నల్ల సైకిల్, దానికి లైటు లేదు, వెనుక ఎర్ర పట్టీ ఒకటి మెరుస్తుంది. చెవుల మీదుగా మఫ్లర్ చుట్టుకున్నాడు. బమ్రోలి నుంచి పాండేసరా పారిశ్రామిక వాడ మీదుగా భెస్తాన్ వైపు పోయే ఈ రోడ్డు ఆదివారం పొద్దున తొక్కితేనే సుఖం. మిగతా రోజుల్లో ఆరు దాటితే పాలీ మారే కార్మికుల బస్సులు, రంగు నీళ్ల ట్యాంకర్లు వరుస కడతాయి. రంగుల మిల్లుల దగ్గర గాలి ఘాటుగా ఉంటుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రోడ్డు అంచున ఇసుక పేరుకొని ఉంటుంది కనుక తెల్ల గీతకు ఇవతలే తొక్కండి. చెరుకు ట్రాక్టర్లు చాలావాటికి వెనుక దీపాలుండవు, మీ లైటు బలంగా ఉంటే తప్ప అవి కనబడవు. అందుకే లైటు ఆపేసి పోవడమనేది ఈ దారిలో కుదరని పని.

నేను ముందు, బాపు వెనుక. మీటరు వైపు చూశాను. సున్నా. కాళ్లు ఆడుతున్నాయి, గాలి మొహానికి కొడుతోంది, బాపు గొలుసు కిర్రుమంటూ వెంట వస్తోంది, మీటరు మాత్రం నేను కదలడమే లేదంటోంది. ఉన్ దగ్గర బాపు పక్కకు వచ్చి మెడ సాచి మీటరు చూశాడు.

"నువ్ ఏమన్న ఒత్తుతున్నవా దాన్ని?"

"రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి బాపు, చూడు."

"ఊఁ." మళ్లీ వెనక్కి పోయాడు. కాసేపటికి చీకట్లోంచి గొంతు వినబడింది: "మరి తొక్కుతనే ఉన్నవ్ కదనే!"

ఆ మాటలో ఆశ్చర్యం వింటే నాకు ఒకేసారి కోపమూ నవ్వూ వచ్చాయి. పది రోజులుగా నేను చెబుతున్నది అదే.

ఆరూ ఇరవైకి సచిన్ చేరాం. స్టేషన్ వైపు మలుపు తిరగకముందు కాకా అని అందరూ పిలిచే పెద్దాయన చాయ్ బండి ఉంటుంది, నేను రోజూ దూరం నుంచి చూసి పోయేదే. చాయ్ పది రూపాయలు, లోచో ప్లేటు నలభై. లోచో అంటే ఆవిరికి ఉడికిన శనగపిండి ముద్ద. సగం విరిగిన ఢోక్లా అనుకోండి, మీద నూనె, కారప్పూసలాంటి సేవ్, కారం, ఉల్లిపాయ. చలిలో అంతకు మించింది లేదు. ఆడవాళ్లకు ఒక మాట: ఇక్కడి పెట్రోలు బంకులో మరుగుదొడ్డి వాడుకోదగ్గట్టుంది, తర్వాత ఉభరాట్ దాకా నమ్మకంగా చెప్పగలిగింది నాకు కనబడలేదు.

బాపుకు లోచో మీద మనసు లేదు. ప్లేటు బల్ల మీద పెట్టి నా సైకిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. మగ్గం ఆగితే ఆయన ఎలా చూస్తాడో అలాగే చూశాడు, ఒక్కొక్క చోటే, వరుసగా. అయస్కాంతాన్ని సెన్సర్‌కు ఇంకాస్త దగ్గరగా జరిపాడు. "సందు ఎక్కువైనట్టుంది" అన్నాడు. ముందు చక్రం లేపి గిర్రున తిప్పాడు. సున్నా. సెన్సర్‌ను మఫ్లర్‌తో తుడిచాడు. సున్నా. బండి కాకా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "సెల్ ఖతమ్ హో గయా హోగా" అన్నాడు. కొత్త సెల్లేనని చెప్పాను.

"పోగు తెగితే మషీన్ ఆగాలె" బాపు తనలో తనే అనుకుంటున్నాడు. "ఈడ పోగు తెగలే. మషీన్ తిరుగుతనే ఉన్నది. మరి కౌంటరుకు ఎందుకు తెలుస్తలేదు?"

ఆయన చక్రం తిప్పుతూనే ఉన్నాడు. నా లైటు ఆయన కళ్లల్లోకి కొడుతోంది. "అరె, జర ఆర్పే దాన్ని, కండ్లు పోతున్నయ్" అన్నాడు. ఆర్పాను.

మీటరు మీద పద్నాలుగు కనబడింది. తర్వాత పదిహేడు.

"బాపు, వచ్చింది!"

"ఏం చేసినవ్?"

"ఏం చేయలే. లైట్ బంద్ చేసిన."

బాపు చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది. నా మొహం చూశాడు, లైటు చూశాడు, మీటరు చూశాడు. తర్వాత ఒక్కసారిగా తొడ చరుచుకున్నాడు. "రేడియో!"

కాకా, నేను ఇద్దరం ఆయన్నే చూస్తున్నాం. బాపు నేల మీదే చతికిలబడి చెప్పాడు. సూరత్ వచ్చిన కొత్తలో వాళ్లు పదకొండు మంది ఒకే గదిలో ఉండేవాళ్లు. ఆ గదికి ఒక ట్యూబ్‌లైటు, ఒక రేడియో. "ట్యూబ్‌లైట్ ఎలిగిందంటె రేడియోల గుర్రు గుర్రు తప్ప ఏం ఇనవడకపోయేది. కొందరికి లైట్ కావాలె, మాకేమో మ్యాచ్ కావాలె. ఆఖరికి రేడియోను తీస్కపోయి బయటి గ్యాలరీల పెట్టి, మేం రూంల కూసొని వినేటోళ్లం. దూరం జరిపితే సాఫ్ వస్తుండె." లైటును చూపుడు వేలితో పొడిచాడు. "గిది ట్యూబ్‌లైట్. గది రేడియో. రెండిటినీ పక్కపక్కన కూసోబెట్టినవ్ నువ్."

తర్వాతి పావుగంట మేం చాయ్ బండి దగ్గర ఒక ప్రయోగశాల నడిపాం. బాపు చక్రం తిప్పుతాడు, నేను లైటు మీట నొక్కుతాను, కాకా అంకె చదువుతాడు. లైటు ఆర్పితే పదిహేడు, వేస్తే సున్నా. పూర్తి వెలుగులో అప్పుడప్పుడు ఒక అయిదో ఆరో వచ్చి మాయమయ్యేది. మిణుకు మిణుకుమనే పద్ధతిలో పెడితే మీటరు ఏకంగా తొంభై ఏడు చూపించింది. చక్రం అప్పటికే ఆగిపోయి ఉంది.

"సత్తానవే!" కాకా గొంతు పెంచాడు. "భాయ్, యే సైకిల్ హై కి సూపర్‌ఫాస్ట్ ట్రేన్?"

బాపు కడుపు పట్టుకొని నవ్వాడు. కాకా తన పాత చేతి టార్చి తెచ్చి మీటరు పక్కన వెలిగించాడు. దానితో ఏమీ కాలేదు, పదిహేడు పదిహేడుగానే ఉంది. అంటే వెలుగు దోషం కాదు. నా లైటు లోపల కరెంటును సెకనుకు వేలసార్లు వేసి తీసే చిన్న సర్క్యూట్ ఏదో ఉంది, అది చేసే రొదలో సెన్సర్ కబురు మీటరుకు వినబడడం లేదు. రోజూ తెల్లవారి లైటు ఆర్పాక తొక్కిన ఆ ఏడు కిలోమీటర్లే లెక్కలోకి వచ్చేవి. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నది. అక్కడ మాత్రం బాపు మాటే చాలింది: పక్కపక్కన కూర్చోబెట్టాను.

ఇంకా చీకటిగానే ఉంది, లైటు లేకుండా పోలేం. బాపు నా హ్యాండిల్ నుంచి లైటు ఊడదీసి, మఫ్లర్ అంచు నుంచి ఒక పీలిక చింపి, తన నల్ల సైకిల్ హ్యాండిల్‌కు కట్టుకున్నాడు. నేతవాళ్లు తెగిన పోగుకు వేసే ముడి, లాగిన కొద్దీ బిగుసుకుంటుంది. "నువ్ ముందల పో. నేను ఎనుక నుంచి ఎలుగు పడేస్త" అన్నాడు. సచిన్ నుంచి తెల్లవారేదాకా నా ముందు రోడ్డు మీద నా నీడే పొడుగ్గా పరుచుకొని పోయింది. మీటరు పన్నెండు, పదమూడు అంటూ బుద్ధిగా నడిచింది. ఆ రోజుకు ముందు బాపు ఏ రోడ్డు మీదా నా వెనుక వచ్చింది లేదు, ఎప్పుడూ ముందే.

సచిన్ దాటాక రోడ్డు మారిపోతుంది. మిల్లుల గోడలు అయిపోయి రెండు వైపులా చెరుకు, మధ్యమధ్య సపోటా తోటలు. ఏడూ ఇరవైకి ఎండ పొడ వచ్చింది, ఏడూ నలభైకి మరోలి. ఈ పదీ పదకొండు కిలోమీటర్లు మొత్తం దారిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క. మరోలి దాటి ఉభరాట్ వైపు తిరిగాక తాటిచెట్లు మొదలవుతాయి. అక్కడ రోడ్డు పక్కన ఒకామె కుండలో నీరా అమ్ముతోంది. గ్లాసు ఇరవై రూపాయలు. చలికాలం పొద్దున మాత్రమే దొరుకుతుంది, ఎండెక్కితే పులుస్తుంది, కనుక తొమ్మిదిలోపే తాగండి. బాపు మొదటి గుక్క మింగి కళ్లు మూసుకున్నాడు.

"కైసా హై, భాయ్?" ఎలా ఉందని ఆమె అడిగింది.

"మా ఊరి రుచే" అన్నాడు బాపు తెలుగులోనే. ఆమెకు అర్థమైందో లేదో, రెండో గ్లాసు అడక్కుండానే నింపింది. మూడోదానికి డబ్బు తీసుకోలేదు.

ఎనిమిదీ యాభైకి ఉభరాట్. సరుగుడు చెట్ల మధ్య నుంచి సైకిళ్లు నడిపించుకుంటూ పోతే నల్లటి ఇసుక, చాలా దూరంలో నీళ్లు. ఆటు సమయం, సముద్రం వెనక్కి పోయి బురద మెరుస్తోంది. ఫోటోల్లోలా నీలంగా ఉంటుందనుకొని పోకండి. నీళ్లలోకి దిగాలంటే పోటు ఎప్పుడో చూసుకొని పొండి, ఊరివాళ్లను అడక్కుండా లోపలికి పోవద్దు. బాపు చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని తడి ఇసుక దాకా నడిచాడు. ఇరవై ఆరేళ్లు సూరత్‌లో ఉండి ఆయన సముద్రాన్ని చూడడం ఇది రెండోసారి. మొదటిసారి డుమస్ తీరంలో, నా పుట్టువెంట్రుకలు తీయించిన ఏడు.

ఇద్దరం ఇసుక మీద కూర్చున్నాం. తర్వాత, నీళ్ల వైపు చూస్తూనే మొదలుపెట్టాడు.

"నాకు గుడ గిట్లనే అయింది ఒకసారి. వచ్చిన మొదటి ఏడు. పగటి పాలీ. పొద్దుందాక నేసిన. కౌంటర్ల చక్రం జారింది, నాకెర్కలే. మెహతాజీ వచ్చి చూస్తే సగమే ఉంది. 'మిగిలిన సేపు పన్నవా' అన్నడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంట. కౌంటర్ చెప్పినంక." ఇసుక మీద వేలితో గీత గీశాడు. "గుడ్డ ముందటనే ఉండె బిడ్డా. రోలుకు చుట్టుకొని. గజం కట్టె గోడకే ఉండె. ఎవ్వడు కొలువలే."

నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆ మాట అక్కడితో ఆగిపోయేది. ఆయనే చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి, దానికంటిన బీడీ పొడి ఊది, నా అరచేతిలో పెట్టాడు. క్షమించమని అనలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు, తాళంచెవులు ఇస్తారు.

పదికి తిరుగు ప్రయాణం. మరోలి చేరేసరికి బాపు మోకాళ్లు మొండికేశాయి. రోడ్డు పక్కన సపోటా పెట్టెలు దించుకొని ఖాళీగా పాండేసరా పోతున్న ఒక చిన్న టెంపో దొరికింది. రెండు సైకిళ్లకు, ఇద్దరు మనుషులకు కలిపి నూటయాభై అడిగాడు డ్రైవరు, నూటఇరవైకి ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం లోపు ఈ దారిలో ఇలాంటివి సులువుగానే దొరుకుతాయి, కనుక రానుపోను డెబ్భై తొక్కలేమని భయపడి ఆగిపోకండి. సైకిళ్లు వెనుక పడుకోబెట్టాం, మేం ముందు ఇరుక్కున్నాం.

"బేటీ కో దరియా దిఖానే లే గయే థే, కాకా?" అని డ్రైవరు అడిగాడు. కూతురికి సముద్రం చూపించడానికి తీసుకెళ్లావా అని.

"నై భాయ్" అన్నాడు బాపు. "యే ముఝే లే గయీ." ఇదే నన్ను తీసుకెళ్లిందని.

పన్నెండూ పావుకు ఇంటి ముందు దిగాం. అమ్మ మెట్ల మీదే ఉంది. చిన్నమ్మ కూడా, చేతిలో పచ్చిమిరపకాయల గిన్నెతో, వంట పని మెట్ల మీదే ఉన్నట్టు. బాపు సచిన్‌లో ఏం కనిపెట్టాడో అక్కడే, చెప్పులు విప్పకముందే చెప్పేశాడు. లైటు, రేడియో, తొంభై ఏడు, అన్నీ. తప్పు బిడ్డది కాదు, మీటరుది కూడా కాదు, పక్కన కూర్చున్న లైటుదని తీర్పిచ్చాడు. "ఇగ సాఫ్ అయింది. చూస్కో" అని సైకిల్‌ను అమ్మ ముందుకు తిప్పాడు.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకొని వంగి చదివింది. "ముప్ఫై ఎనిమిది."

"ఆఁ."

"రానుపోను డెబ్భై రెండని పోయిండ్రు కదా?"

బాపు మీటరు మీద వేలు పెట్టాడు. "సచిన్ దాక అది నడవలే. మళ్ల మరోలి నుంచి టెంపోల వచ్చినం. చక్రం తిరగలే."

"సమయం మూడు గంటలే ఉన్నది" అమ్మ ఇంకా చదువుతూనే ఉంది. "పొద్దుగాల అయిదింటికి పోయిండ్రు. ఏడు గంటలాయె." కళ్లద్దాల పైనుంచి ఆయన వైపు చూసింది. "మిగిలిన నాలుగు గంటలు ఏడున్నవయ్యా?"

చిన్నమ్మ గిన్నె పక్కన పెట్టేసింది. బాపు నా వైపు చూశాడు. నేను సాక్ష్యం చెబుతానేమో అని. నేను హ్యాండిల్ పక్కన లేను, మెట్ల మీద కూర్చొని బూట్ల లేసులు విప్పుకుంటున్నాను.

"కూసున్నం" అన్నాడు చివరికి. "దరియా చూసుకుంట కూసున్నం. లోచో తిన్నం. నీరా తాగినం. గది మీటర్ల రాదే!"

అమ్మ నవ్వింది, మేమందరం నవ్వాం, బాపు కూడా ఆలస్యంగా నవ్వాడు. అన్నానికి కూర్చున్నాక చెయ్యి కడుక్కుంటూ, ఏమీ జరగనట్టే, "రేపటి సంది మళ్ల చూపియ్, లైట్ దూరం పెట్టినవ్ కదా, కరెక్ట్ వస్తది" అన్నాడు.

మీలో చీకట్లో బయల్దేరేవాళ్లకు నా ఒక్క సలహా: తీగ లేని మీటరున్న సైకిల్‌కు లైటు బిగించాక, బయల్దేరే ముందు రోజే ముందు చక్రం గాలిలోకి లేపి తిప్పి చూడండి. లైటు ఆర్పి ఒకసారి, వేసి ఒకసారి, దానికి ఎన్ని వెలుగులుంటే అన్నింటిలోనూ. అంకె తేడా వస్తే లైటును మీటరుకూ సెన్సర్‌కూ దూరంగా జరపండి. హ్యాండిల్ చివరకు, ఒక జానెడు దూరం పెడితే నాకు సగం తగ్గింది. హెల్మెట్‌కు బిగించాక పూర్తిగా పోయింది. కొత్తరకం మీటర్లలో ఈ బెడద తక్కువంటారు, అయినా తిప్పి చూడండి, రెండు నిమిషాల పని.

ఆ ప్రయాణం తలచుకుంటే నాకు గుర్తొచ్చేవి ఏవీ మీటరులో లేవు. సచిన్ దాకా వెనుక నుంచి వినబడిన గొలుసు కిర్రు లేదు. రోడ్డు మీద పొడుగ్గా పరుగెత్తిన నా నీడ లేదు, దాన్ని పరిచిన వెలుగు బాపుదని లేదు. ఇసుక మీద ఆయన గీసిన గీత లేదు. బాపు అంటే నాకు కోపం లేదు. ఒకే అంకె ముందు ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి, కూతుర్ని కూడా దాని పక్కనే నిలబెట్టాడు. ఆయనకు తెలిసిన నమ్మకం అదొక్కటే. ఆ నమ్మకం తప్పని ఆయనకు నాకంటే ముందే తెలుసు, ఇసుక మీద కూర్చొని ఆయనే చెప్పాడు. ఇంటికొచ్చాక మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

మీటరు సైకిల్‌కే ఉంది, బాగా పనిచేస్తోంది. దాన్ని నేను చూసుకుంటాను. ఇంట్లో ఎవరికీ చూపించడం లేదు.